నలభై నిమిషాల టీ

మూడో అంతస్తు, కిటికీ పక్క కుర్చీ
ఫిబ్రవరి 6

దక్షిణాసియా విభాగంలో కొత్తగా చేరిన అధికారిణికి,

నీకు నా పాత విభాగంలోనే పోస్టింగు ఇచ్చారని మీ అమ్మ ఫోను చేత్తో పట్టుకుని వచ్చి మరీ చెప్పింది. నువ్వే నాతో చెబుదువుగానీ, నా చెవుల సంగతి తెలుసు కదా. నాకు వినబడాలంటే నువ్వు అరవాలి. నువ్వు అరిస్తే మీ విభాగం సంగతులు కారిడారు చివరిదాకా పాకుతాయి. కాబట్టి మనం ఉత్తరాలు రాసుకుందాం. నా చెవులు పోయాయి గాని కళ్ళు ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాయి.

ముప్పై అయిదేళ్ళు చేశాను ఆ పని. దూరదేశాల్లో పోస్టింగు పడ్డవాళ్ళు తిరిగొచ్చేటప్పుడు సెంటు సీసాలు తెచ్చుకునేవాళ్ళు. పొరుగు దేశాలకు వెళ్ళిన మేము ఫిర్యాదులు తెచ్చుకునేవాళ్ళం. దూరంగా ఉన్నవాడితో మర్యాద సులువు. గోడ పక్కవాడితోనే కష్టం, వాడికి మన ఇంట్లో కేకలన్నీ వినబడుతుంటాయి. మొదటి రెండేళ్ళు నా చేత మీటింగుల్లో కుర్చీలు సర్దించారు. ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టకూడదో తెలియడమే సగం విద్య అని వాళ్ళకి తట్టలేదు. ఆ తర్వాత నా దస్తూరీ బాగుందని మీటింగు నోట్లు రాయించారు. అక్కడినుంచి ఇక నన్ను లేపడం ఎవరి తరమూ కాలేదు.

నీకు ఒక్కటే చెప్తాను. మీటింగు అయిన రోజే నోటు రాసెయ్యి. ఎవరేమన్నారో, ఎప్పుడు లేచారో, ఎప్పుడు కూర్చున్నారో అంతా. మర్నాటికి మనిషి తను అనాలనుకున్నదే అన్నానని నమ్మడం మొదలుపెడతాడు.

భోజనం మానకు. మీ అమ్మ ఈ ముక్క నాలుగుసార్లు రాయమంది, ఒకసారి రాశాను.

అమ్మమ్మ


ఆఫీసు, ఆరో నంబరు గది
ఫిబ్రవరి 18

అమ్మమ్మకు,

నా గదికి కిటికీ ఉంది గాని ఎదురుగా గోడే ఉంది. బల్ల సొరుగు తియ్యాలంటే ముందు మోకాలితో ఒక తన్ను తన్నాలి. ఆ తన్ను నువ్వే మొదలుపెట్టావని రికార్డు గది గుమాస్తా చెప్పాడు. ఆయనకి నువ్వంటే ఇప్పటికీ హడలే. నేను ఫైలు అడిగితే లేచి నిలబడి ఇచ్చాడు.

ఇంకో సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. శిక్షణలో మాకు "మీటింగు నోటు ఎలా రాయాలి" అన్న పాఠానికి నమూనాగా పంచింది నీ నోటే. నదిలో ఇసుక మేట గురించి ముప్పై నాలుగేళ్ళ క్రితం జరిగిన చర్చలది. టీలో ఎవరు చక్కెర వేసుకున్నారో, ఎవరు వద్దన్నారో కూడా ఉంది అందులో. మా మాస్టారు దాన్ని పైకి చదివి, "ఇదీ నిజాయితీ అంటే" అన్నారు. నేను నీ మనవరాలినని ఆయనకి తెలియదు. నేనూ చెప్పలేదు. కానీ ఆ రోజంతా మెడ కొంచెం పొడుగైంది.

తమాషా ఏమిటంటే నా మొదటి పని ఆ మేట మీదే పడింది. నది ఏటా మట్టి తెచ్చి పోసి పోసి దాన్ని పెద్ద దిబ్బ చేసింది కదా. దాని మీద అవతలి దేశం వాళ్ళవి అరవై నాలుగు ఇళ్ళున్నాయి. సరిహద్దు గీత మాత్రం ఇంకా తేలలేదు. జూన్‌లో చర్చలు. ఈలోగా దిబ్బ ఖాళీ చేయించాలని మా డైరెక్టరు ఉద్దేశం. అవతలివాళ్ళేమో, "గీత తేలేదాకా ఎవరినీ కదిలించబోమని మీవాళ్ళు ఒకప్పుడు నోటిమాట ఇచ్చారు" అంటున్నారు. ఆ మాట నిజమో కాదో పాత కాగితాలు చూసి తేల్చడమే నా పని. ఏప్రిల్ పదికి ఇవ్వాలి.

నీ నోటులో అలాంటి మాట ఎక్కడా లేదు. మూడుసార్లు చదివాను. నువ్వు కూడా "అలాంటిదేమీ జరగలేదు" అని ఒక్క ముక్క రాసేస్తే నాకు నిశ్చింత.

నీ మనవరాలు

(భోజనం చేస్తున్నాను. అమ్మకి ఇది చదివి వినిపించు.)


మూడో అంతస్తు, కిటికీ పక్క కుర్చీ
మార్చి 1

మెడ పొడుగైన పిల్లకి,

నీ ఉత్తరం అందింది. సొరుగు తన్నేటప్పుడు ఎడమ మూల తన్ను, కుడి మూలైతే మోకాలు పోతుంది. నాది పోయింది.

ఇక్కడ విశేషాలు చాలా ఉన్నాయి. లిఫ్టు మళ్ళీ చెడింది. కింది ఫ్లాటు లెక్కల మాస్టారు కొత్త పళ్ళసెట్టు కట్టించుకున్నాడు, మాట్లాడితే ప్రతి ముక్కా ఆయనకంటే ముందు బయటికొస్తోంది. మీ అమ్మ మందుల షాపు మూసి ఇంటికొచ్చాక కూడా నాకు బీపీ చూస్తుంది. నూట ముప్పై అని నేనే ముందే చెప్పేస్తాను. అయినా నమ్మదు.

మేట సంగతి అడిగావు. ఆ చర్చలు నది ఒడ్డున ఉన్న అతిథి గృహంలో జరిగాయి. అవతలి పక్షంలో ఒకాయన ఉండేవాడు, పేరుకంటే ముందు గొడుగు గుర్తొచ్చే మనిషి. ఎండా వానా అని లేకుండా ఎప్పుడూ చంకలో నల్ల గొడుగు. బల్ల దగ్గర మేమిద్దరం పిల్లీ ఎలుకా. ఎవరు ఏదో ఇంకా తేలలేదు. మనిషి మాత్రం మాట మీద నిలబడేవాడు.

ఆ నోటులో ఉన్నదంతా నిజమే. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

వేరుశెనగ ఉండలు పంపమంటావా? ఆ రికార్డు గది గుమాస్తాకి కూడా రెండు పెట్టు. భయం కొంత తగ్గుతుందేమో చూద్దాం.

అమ్మమ్మ


ఆఫీసు, ఆరో నంబరు గది
మార్చి 15

అమ్మమ్మకు,

"అలాంటిదేమీ జరగలేదు" అని రాయమన్నాను. "నోటులో ఉన్నదంతా నిజమే" అని రాశావు. రెండూ ఒకటి కావని నాకు నేర్పింది నువ్వే. తొమ్మిదో ఏట పూలకుండీ పగిలినప్పుడు "నేను దాన్ని తాకలేదు" అన్నాను. "బంతి తాకిందా?" అని అడిగావు.

అందుకని నోటు నాలుగోసారి చదివాను. ఈసారి మాటల్ని వదిలేసి టైములు చూశాను. మీటింగు పది గంటలకి మొదలైంది. పదకొండూ పదికి టీ. మళ్ళీ కూర్చున్నది పదకొండూ యాభైకి. ఒక అధికారి దగ్గినది కూడా రాసిన మనిషివి, నలభై నిమిషాల టీకి రెండు వాక్యాలు రాశావు. చక్కెర గురించి ఒకటి, వాన గురించి ఒకటి.

తర్వాత ఫైళ్ళన్నీ తెప్పించాను. ఈ ముప్పై నాలుగేళ్ళలో దిబ్బ ఖాళీ చేయించాలన్న ప్రతిపాదన పదకొండుసార్లు వచ్చింది. పదకొండుసార్లూ ఒకే వాక్యంతో ఆగింది: "పంట చేతికి వచ్చిన పిమ్మట పరిశీలించవచ్చును." ఏడుసార్లు నీ దస్తూరీ. చివరి నాలుగూ నువ్వు రిటైరయ్యాక, వేరువేరు చేతులు. వాళ్ళకి కారణం తెలియదు. పాత ఫైలు చూసి ఎక్కించారు. ఆఖరివాడు "పిమ్మట" అన్న మాట కూడా మార్చలేదు.

ఇంకొకటి. నిన్న అవతలివాళ్ళ దగ్గర్నుంచి కాగితం వచ్చింది. ఆ వాక్యం నీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఈ మాట ఇద్దరి మధ్య జరిగింది. సాక్షులు లేరు, కాగితం లేదు. మా విశ్రాంత అధికారి తన జ్ఞాపకం చెప్పారు. మీ వైపు అధికారిణి కాదంటే మేము ఇక ఈ విషయం ఎత్తము. ఆమె కాదనరని ఆయన నమ్మకం."

డైరెక్టరు చదివి నవ్వారు. "పాపం, ముసలాయన" అన్నారు. నేను నవ్వలేదు.

అమ్మమ్మా, ఆ నలభై నిమిషాలు ఏం చేశావు?

నీ మనవరాలు


మూడో అంతస్తు, కిటికీ పక్క కుర్చీ
మార్చి 24

నా తల్లికి,

ఈ ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను. మూడోసారి మీ అమ్మ చూసింది. "ప్రేమలేఖా?" అంది. అయితే బాగుండేది.

ఆ రోజు వాన. అందరూ లోపల బిస్కట్ల పళ్ళెం చుట్టూ మూగారు. నేను వరండాలోకి వచ్చాను. గొడుగాయన వెనకే వచ్చాడు. అక్కణ్ణుంచి దిబ్బ కనబడుతోంది. ఒక ఆడమనిషి తడుస్తూ మొక్కలు నాటుతోంది. ఆయన గొడుగు గోడకి ఆనించి ఆవిడనే చూశాడు. తర్వాత, "మేడమ్, మనం ఈ గీత ఈ ఏడాది గియ్యం. వచ్చే ఏడాదీ గియ్యం. మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆవిడకి తెలియదు" అన్నాడు.

గీత తేలేదాకా ఆ ఇళ్ళవాళ్ళని మీరు కదిలించకండి, మావాళ్ళు అక్కడ జెండా పాతకుండా నేను చూస్తాను అన్నాడు. "కానీ రాయకండి. రాస్తే, ఇలా అడుక్కోవడమంటే ఆ నేల మీ దేశానిదని ఒప్పుకోవడమే అంటూ మావాళ్ళే నన్ను తినేస్తారు" అన్నాడు.

నేను సరే అన్నాను.

సరే అనే అధికారం నాకు లేదు. అప్పుడు నేను డిప్యూటీని. మా బృందం పెద్ద లోపల బిస్కట్టు నములుతున్నాడు. వెళ్ళి అడిగితే ఆయన కాదంటాడు. నోటులో రాస్తే కొట్టేస్తాడు. అందుకని అడగలేదు, రాయలేదు. చక్కెర సంగతి రాశాను. ఆ ఒక్కటీ కనబడకుండా చుట్టూ అంత నిజం పోగేశాను. దాన్నే మీ మాస్టారు నిజాయితీ అన్నాడు. దాచడంలో కూడా ఒక పనితనం ఉంటుంది, అది నాకు బాగా అబ్బింది.

తర్వాత ప్రతిపాదన వచ్చినప్పుడల్లా పంట అయ్యాక చూద్దాం అని రాసేదాన్ని. ఆ దిబ్బ మీద ఏడాది పొడుగునా ఏదో ఒక పంట ఉంటుంది. ఒకటి కోసేలోపు ఇంకోటి మొలుస్తుంది. సంతకాలు పెట్టేవాళ్ళెవరూ ఎప్పుడూ అక్కడికి వెళ్ళలేదు కాబట్టి వాళ్ళకి తెలియదు.

జెండా పాతలేదు వాళ్ళు. ముప్పై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా.

మొన్న నీకు "అక్షరం అబద్ధం లేదు" అని రాసినప్పుడు సంతోషంగా రాయలేదు. సిగ్గుతోనే రాశాను. కానీ రాశాను. అదీ లెక్కలోకి తీసుకో.

అమ్మమ్మ


ఆఫీసు, ఆరో నంబరు గది
ఏప్రిల్ 2

అమ్మమ్మకు,

నాలుగు రోజులు నీ ఉత్తరం బ్యాగులో పెట్టుకుని తిరిగాను. ఇంట్లో పెట్టాలంటే మనసొప్పలేదు, ఆఫీసులో పెట్టాలంటే ధైర్యం చాలలేదు.

నాకు కోపం వచ్చింది. నోటులో రాయలేదని కాదు. అధికారం లేకుండా మాట ఇచ్చావని కూడా కాదు. నీ చోట నేనున్నా బహుశా అదే చేసేదాన్ని. కోపం ఎందుకంటే, అరవై నాలుగు ఇళ్ళని తెచ్చి నీ జ్ఞాపకం మీద కట్టావు. రిటైరయ్యేటప్పుడైనా ఒక కాగితం పెట్టి రావచ్చు కదా. పోయిన ఏడాది నీకు న్యుమోనియా వచ్చింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నావు. మేమందరం నీ కోసం ఏడుస్తున్నాం. వాళ్ళ ఇళ్ళు కూడా అదే మంచం మీద ఉన్నాయని మాకు తెలియదు. నీకు తెలుసు. అయినా మందు చేదుగా ఉందని నర్సుతో పోట్లాడావు గాని ఒక్క ముక్క చెప్పలేదు.

ఎందుకు, అమ్మమ్మా? ఆ నమూనా నోటు పోతుందనా?

ఇప్పుడు నా పరిస్థితి చెప్తాను. "రికార్డుల్లో అలాంటి హామీ లేదు" అని నేను రాయొచ్చు. అది నిజం. అక్షరం అబద్ధం ఉండదు. డైరెక్టరుకి కావలసిందీ అదే. పదో తారీఖున ఆ వాక్యం పైకి వెళ్తే నెల తిరక్కుండా దిబ్బ ఖాళీ అవుతుంది. లేదా నీ ఉత్తరం తీసుకెళ్ళి బల్ల మీద పెట్టొచ్చు. అప్పుడు మనవరాలు అమ్మమ్మ చేత తనకు కావలసినట్టు రాయించుకొచ్చింది అంటారు. ఉత్తరమూ పోతుంది, నేనూ పోతాను.

ముసాయిదా రెండు రకాలుగానూ రాసి పెట్టుకున్నాను. ఏది ఇస్తానో నాకే తెలియదు. నీ సలహా అడగడం లేదు. నీకు తెలియాలని రాస్తున్నాను.

నీ మనవరాలు


మూడో అంతస్తు, కిటికీ పక్క కుర్చీ
ఏప్రిల్ 5

నా తల్లికి,

అవును. నమూనా నోటు పోతుందనే. శిక్షణ కేంద్రం సలహా సంఘంలో ఉన్నదాన్ని, దాన్ని అక్కడ పంచుతున్నారని నువ్వు చెప్పకముందే నాకు తెలుసు.

ఇంకేదైనా గొప్ప కారణం దొరుకుతుందేమోనని రెండు రోజులు వెతికాను. ఆయనకిచ్చిన మాట అని రాద్దామనుకున్నాను. కానీ ఆయనే నోరు విప్పాడు. ఇళ్ళు నిలబడటం కోసం తన పరువు తనే తీసుకున్నాడు. నేను పళ్ళసెట్ల గురించి రాస్తూ కూర్చున్నాను.

నీ ముసాయిదాలు రెండూ చింపెయ్. నా కాగితం నువ్వు మొయ్యక్కర్లేదు. నేను నేరుగా మీ డైరెక్టరుకి రిజిస్టరు పోస్టులో పంపాను. పోస్టాఫీసుకి నేనే నడిచి వెళ్ళాను. లిఫ్టు పనిచెయ్యడం లేదు. మూడంతస్తులు దిగి, మూడంతస్తులు ఎక్కాను. దారిలో లెక్కల మాస్టారు "ఎక్కడికండీ?" అన్నాడు. "ఆఫీసుకి" అన్నాను.

నకలు దీనితో పెడుతున్నాను.

అమ్మమ్మ

*

డైరెక్టరు, దక్షిణాసియా విభాగం, వారికి
విషయం: ఇసుక మేట చర్చల మీటింగు నోటుకు అనుబంధం

1. పై నోటు రాసినది నేను. అందులో ఉదయం 11.10 నుంచి 11.50 వరకు జరిగినది పూర్తిగా రాయలేదు. అది ఇప్పుడు రాస్తున్నాను. ఆలస్యం: ముప్పై నాలుగు సంవత్సరాలు. కారణం: నా పిరికితనం.

2. ఆ సమయంలో వరండాలో అవతలి పక్షం అధికారి, నేను మాత్రమే ఉన్నాము. సరిహద్దు గీత తేలేవరకు మేట మీది కుటుంబాలను కదిలించకుండా చూస్తానని నేను మాట ఇచ్చాను. మేట మీద జెండా పాతకుండా చూస్తానని ఆయన మాట ఇచ్చారు. ఆయన తన మాట నిలబెట్టుకున్నారు.

3. ఆ మాట ఇచ్చే అధికారం నాకు లేదు. పై అధికారికి చెప్పలేదు. దాని ఫలితం అనుభవించవలసినది నేను, ఆ కుటుంబాలు కావు.

4. ఈ విషయం నన్ను అడిగినది మీ విభాగంలోని అధికారిణి. ఆమె నా మనవరాలు. మొదటిసారి అడిగినప్పుడు నేను తప్పించుకున్నాను. ఆమె టైములు చూసి పట్టుకుంది. ఈ కాగితం రాయమని ఆమె నన్ను అడగలేదు.

5. శిక్షణ కేంద్రంలో నా పాత నోటును నమూనాగా పంచుతున్నారు. దయచేసి ఆపించగలరు.

6. ఆ రోజు టీలో నేను చక్కెర వేసుకున్నాను. వేసుకోలేదని రాశాను. డాక్టరు వద్దన్నాడు, మా ఆయన ఆ నోటు చదువుతాడేమోనని భయపడ్డాను. ఇది కూడా సరిదిద్దవలసినది.


ఆఫీసు, ఆరో నంబరు గది
జూన్ 14

అమ్మమ్మకు,

ఇన్నాళ్ళు రాయనందుకు తిట్టుకునే ఉంటావు. చర్చలు అయ్యేదాకా రాయకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను.

వరసగా చెప్తాను. నీ కాగితం వచ్చిన రోజు డైరెక్టరు నన్ను పిలిచారు. ఆరో పేరా దగ్గర ఆయన ముఖం ఎటూ కాకుండా అయిపోయింది, నవ్వాలో మానాలో తేల్చుకోలేకపోయారు. తర్వాత గట్టిగానే మాట్లాడారు. మేట పని నా దగ్గర్నుంచి తీసేశారు. బంధుత్వం ముందే ఎందుకు చెప్పలేదని మెమో ఇచ్చారు. అది నా సర్వీసు పుస్తకంలో ఉంటుంది. నీకూ ఒక ఉత్తరం వచ్చే ఉంటుంది, శిక్షణ కేంద్రం సలహా సంఘంలో నీ పేరు తీసేస్తున్నట్టు. వచ్చిందని అమ్మ చెప్పింది. నువ్వు దాన్ని మడిచి ఊగే బల్ల కాలు కింద పెట్టావని కూడా చెప్పింది.

కానీ "అలాంటి హామీ లేదు" అన్న వాక్యం మాత్రం పైకి వెళ్ళలేదు. నీ కాగితం ఫైల్లోకి ఎక్కాక ఆ వాక్యం కింద సంతకం పెట్టడానికి ఎవరి చెయ్యీ ముందుకు రాలేదు.

చర్చలకి నన్ను తీసుకెళ్ళారు, నోటు రాయడానికి. "మీ వంశం టైములు బాగా రాస్తుంది" అన్నారు డైరెక్టరు. అదే అతిథి గృహం. బిస్కట్లు కూడా అవే అయ్యుంటాయి, ఆ గట్టితనం చూస్తే. అవతలివాళ్ళకి ముందే నకలు పంపిన నీ కాగితం బల్ల మీద చదివారు. అవతలివాళ్ళు తమ పెద్దాయన చెప్పింది చదివారు. రెండూ కలిశాయి, నీ పాత నోటులోని వానతో సహా. సాయంత్రానికి ఒప్పందంలో కొత్త పేరా చేరింది. గీత తేలేదాకా ఎవరూ కదలరు, ఏ జెండా లేవదు. రెండు పక్షాలూ సంతకాలు చేశాయి. గీత మాత్రం ఈ ఏడాదీ గియ్యలేదు.

టీ అప్పుడు వరండాలోకి వెళ్ళాను. అవతలి బృందంలో నా వయసు అతను ఒకడు వెనకే వచ్చాడు. గొంతు తగ్గించి, "ఇది రాయకండి, మీతో ఒక మాట" అన్నాడు. నేను పుస్తకం తీసి పెన్సిలు పట్టుకున్నాను. అతను పెన్సిలు వంక చూశాడు. "సరే రాసుకోండి, పెద్ద విషయం కాదు" అన్నాడు. గొడుగాయన పంపిన కబురు. ఆయన ఇప్పుడు బయటికి రాలేరట, కళ్ళు కూడా సరిగా లేవట. నీ కాగితం చదివి వినిపిస్తే ఆరో పేరా రెండుసార్లు చదివించుకున్నారట. నీతో చెప్పమన్న మాట ఇది: "మేడమ్, టీ చల్లారిపోయింది."

టీ విరామం ఎనిమిది నిమిషాలు. అంతా నోటులో ఉంది.

దిబ్బ మీద ఎవరో ఏదో నాటుతున్నారు. దూరం వల్ల ఆడో మగో తెలియలేదు, అందుకని అది రాయలేదు.

నీ మనవరాలు


మూడో అంతస్తు, కిటికీ పక్క కుర్చీ
జూన్ 21

నోటు రాసే పిల్లకి,

నీ ఉత్తరం మీ అమ్మ చేత పైకి చదివించుకున్నాను. నా కళ్ళు బాగానే ఉన్నాయి. ఆవిడ కూడా వినాలని.

మెమో వచ్చిందని దిగులు పడకు. నా సర్వీసు పుస్తకంలో ఒక్క మచ్చ లేదు, చూశావుగా దాని సంగతి.

లిఫ్టు బాగైంది. నేను మెట్లే దిగుతున్నాను, అలవాటైంది. బల్ల ఊగడం లేదు.

గొడుగాయనకి నా జవాబు పంపాలి. వేడి చేసుకుని తాగమను, ఈసారి చక్కెర నేను నిజంగానే మానేశానని చెప్పు. అయితే ఆ కుర్రాడు కనబడినప్పుడు నోటితో చెప్పకు. కాగితం మీద రాసి, తారీఖు వేసి, అందినట్టు సంతకం తీసుకో.

అమ్మమ్మ